లొట్టిలో ఎనిమిది గంటలు

పొద్దున ఏడింటికి చెట్టు మీంచి దించిన తాటికల్లు మధ్యాహ్నం మూడింటికి అదే కల్లుగా ఉండదు. ఆ ఎనిమిది గంటల్లో తీపి తగ్గుతుంది, పులుపు ఎక్కుతుంది, ఆల్కహాల్ పుడుతుంది, వాసనే మారిపోతుంది. గోదావరిఖని బొగ్గుబాయిల్లో ఫస్ట్ షిఫ్టు నడిచేది కూడా సరిగ్గా ఆ వేళల్లోనే. ఏడింటికి బాయిల దిగిన మనిషి మూడింటికి పైకొస్తాడు. వేసవిలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. ఆ ఎండకు లొట్టిలో జరిగే పని ఇంకా తొందరగా జరుగుతుంది. కాబట్టి షిఫ్టు దిగినవాడి చేతికొచ్చే కల్లు, పొద్దున చెట్టు కింద తాగినవాడి కల్లు ఒకటే అనుకోవడానికి లేదు, రెండూ ఒకే తాటివే అయినా సరే.

ద్రాక్ష వైన్‌ను గ్లాసులో పోసి రంగు చూడటం, వాసన పీల్చడం, నోట్లో తిప్పడం, మార్కులు వేయడం ప్రపంచంలో ఒక పెద్ద విద్యగా ఎదిగింది. ఖరీదైన సీసాలకే కాదు, రెండు మూడు రకాల ద్రాక్ష కలిపి చేసి సామాన్యులకు అందే ధరకు అమ్మే రెడ్ వైన్‌కు కూడా ఆ మర్యాద దక్కుతుంది. బొగ్గుబాయిల నేల మీద అంతకన్నా చవకగా దొరికేది, చాలా చెట్ల రసం కలిసి తయారయ్యేది కల్లు. దానికీ అంతే శ్రద్ధగల పరీక్ష దక్కాలని నేను గట్టిగా నమ్ముతాను. కల్లు గీసే గౌడన్నలకు ఆ పరీక్ష తరతరాలుగా తెలుసు. కంటిని ఎంతవరకు నమ్మాలి, ముక్కును, నాలుకను ఎంతవరకు నమ్మాలి, అవి మూడూ ఎక్కడ చేతులెత్తేస్తాయి అన్నది మాత్రం తాగేవాళ్లందరికీ తెలియాల్సిన సంగతి. ఎందుకంటే ఆ హద్దు దగ్గర ప్రాణాలు పోతున్నాయి.

ముందు చెట్టు దగ్గరికి వెళ్దాం. తాటిలో మగ చెట్టు వేరు, ఆడ చెట్టు వేరు. పూత పట్టేదాకా ఏది ఏదో తెలియదు, ఆ పూత పట్టడానికి పదిహేనేళ్లూ అంతకు పైనా పడుతుంది. మగ చెట్టు గెలలను గీస్తే వచ్చేది పోతుతాటి కల్లు. ఆడ చెట్టు లేత గెలను గీస్తే పరుపుతాటి కల్లు, కాయ పట్టిన గెలను గీస్తే పండుతాటి కల్లు. మూడింటి రుచీ ఒకటి కాదని తాగేవాళ్లు చెప్తారు, అందులో అబద్ధం లేదు. ఆకులు ఎండలో తయారుచేసిన చక్కెర పువ్వుకు, కాయకు చేరే దారిలో గీత కార్మికుడు కత్తితో పలుచని పొర తీసి దాన్ని మధ్యలో అందుకుంటాడు. పువ్వు దశ మారితే చెట్టు పంపే రసం కూడా మారుతుంది. ఈత చెట్టు తీరు వేరు. అక్కడ గీసేది గెలను కాదు, తల దగ్గర మట్టలు కొట్టి మెత్తటి కాండాన్నే. అందుకే ఈతను రోజూ గీయరు, ఆరబెట్టి విశ్రాంతినిస్తారు. చలికాలం ఈతకల్లుకు మంచి కాలం.

కారేటప్పుడు ఆ రసం దాదాపు తేటగా ఉంటుంది. పులుపు ఉండదు. నూటికి 10 నుంచి 14 గ్రాముల దాకా చక్కెర ఉంటుంది, ముఖ్యంగా మనం టీలో వేసుకునే రకం చక్కెరే. అదే నీరా. కానీ గెల చివరి నుంచి లొట్టిలోకి పడే ఆ కొద్ది దూరంలోనే సూక్ష్మజీవులు చేరిపోతాయి. కత్తి అంచున, ఈగల, కందిరీగల కాళ్లకు, గాలిలో, అన్నిటికన్నా ఎక్కువగా మట్టి లొట్టి రంధ్రాల్లో అవి కాచుకుని ఉంటాయి. నిన్నటి కల్లు అంటిన లొట్టి ఇవాళ్టి రసాన్ని తొందరగా పులియబెట్టడానికి కారణం ఇదే. పులియకూడదనుకుంటే లొట్టి లోపల సున్నం పూస్తారు. సున్నం క్షారం, అందులో ఈస్ట్‌కు, బ్యాక్టీరియాకు బతుకు కష్టం. 2023లో హైదరాబాద్ నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్ లాంటి చోట్ల ఈ పులియని రసాన్ని చల్లదనంలో కాపాడి అమ్ముతారు.

సున్నం లేని లొట్టిలో ఒకరు కాదు, ఒక ఊరంత జీవులు పనిచేస్తాయి. చక్కెరను ఆల్కహాల్‌గా, కార్బన్ డయాక్సైడ్‌గా విడగొట్టే ఈస్ట్ అందరికీ తెలిసిందే. దానికి తోడు జైమోమోనాస్ అనే బ్యాక్టీరియా ఉంది. మెక్సికోలో కిత్తనార జాతి మొక్క రసంతో చేసే పుల్కే అనే పులిసిన పానీయంలో పాల్ లిండ్నర్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలో దాన్ని గుర్తించాడు. ఉష్ణదేశాల చెట్ల రసాలంటే దానికి ప్రాణం. ఈస్ట్ నడిచే దారి కాకుండా వేరే రసాయన మార్గంలో, అంతకన్నా వేగంగా అది ఆల్కహాల్ తయారుచేస్తుంది. పాలను పెరుగు చేసే జాతికి చెందిన లాక్టిక్ బ్యాక్టీరియా రసాన్ని పులుపెక్కిస్తుంది. చివర్లో, గాలి బాగా తగిలి ఆల్కహాల్ పోగైన తర్వాత, ఎసిటిక్ బ్యాక్టీరియా వచ్చి ఆ ఆల్కహాల్‌నే వెనిగర్‌గా మారుస్తుంది. మర్నాటి కల్లు ముక్కుపుటాలను పొడిచేది అందుకే.

ఇక కంటి పరీక్ష. కల్లు తెల్లగా ఉంటుందని మనం అనుకుంటాం గానీ, రసానికి ఆ తెలుపు లేదు. అందులో తేలుతున్న కోట్లాది ఈస్ట్, బ్యాక్టీరియా కణాల వల్ల వచ్చిన తెలుపు అది. నురగ కార్బన్ డయాక్సైడ్. అంటే కాస్త పలుచగా, లోపలి నుంచి సన్నటి బుడగలు లేస్తున్న కల్లులో ఇంకా చక్కెర ఉంది, పని నడుస్తోంది అని అర్థం. చిక్కటి తెలుపుతో, బుడగలు చచ్చి, అడుగున మడ్డి కూర్చున్న కల్లులో చక్కెర అయిపోయిందని అర్థం. రెడ్ వైన్‌లో రంగు ద్రాక్ష తొక్క నుంచి వస్తుంది, కల్లులో రంగు దాని వయసు నుంచి వస్తుంది. కంటికి అందే ఈ ఒక్క సమాచారం చాలా విలువైనది.

వాసన దగ్గరికొస్తే సంగతి ఇంకా లోతుగా ఉంటుంది. మన ముక్కులో వాసనలను పట్టే గ్రాహకాలు సుమారు 400 రకాలు. వాటి జన్యువులను 1991లో కనుగొన్నందుకు లిండా బక్, రిచర్డ్ యాక్సెల్‌లకు 2004లో నోబెల్ వచ్చింది. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి అనే ఐదు మాత్రమే. మనం రుచి అనుకునేదాంట్లో ఎక్కువ భాగం, మింగేటప్పుడు గొంతు వెనక నుంచి ముక్కులోకి పోయే వాసనే. జలుబు చేసినప్పుడు కూరంతా సప్పగా అనిపించడానికి కారణం కూడా అదే. ఈస్ట్ ఆల్కహాల్‌తో పాటు ఎస్టర్లు అనే సువాసన పదార్థాలను కూడా తయారుచేస్తుంది. వాటిలో ఒకటి అచ్చం అరటిపండు వాసన వేస్తుంది. ఆఫ్రికాలో పామాయిల్ చెట్టు నుంచి తీసే కల్లును పరిశీలించినప్పుడు, బాస్మతి బియ్యానికి ఆ ఘుమఘుమ ఇచ్చే పదార్థమే అందులోనూ కనిపించింది. తాజా కల్లును గ్లాసులో కాసేపు తిప్పి, వెంటనే తాగకుండా ముక్కు దగ్గర పెట్టి చూడండి. పండు, పచ్చి ఆకు, కాస్త పిండి పులిసిన వాసన విడివిడిగా తెలుస్తాయి. గబగబా రెండు గుక్కల్లో దించేస్తే ఇదంతా పోగొట్టుకున్నట్టే.

నురగ కల్లు నాలుక మీద చురుక్కుమనడానికి కూడా శాస్త్రం ఉంది. బుడగలు పగలడం వల్ల ఆ చురుకు వస్తుందని చాలాకాలం అనుకున్నారు. నాలుక మీద పులుపును పట్టే కణాల్లోనే ఒక ఎంజైమ్ ఉందని, అది కార్బన్ డయాక్సైడ్‌ను ఆమ్లంగా మార్చి కబురు పంపుతుందని 2009లో తేలింది. కల్లులో గ్యాస్ ఉన్నంతసేపూ నాలుక దానిని పులుపుగానే చదువుకుంటుంది. కాబట్టి నురగ మీదున్న కల్లు అసలున్నదానికంటే కొంచెం పుల్లగా తోస్తుంది.

ఇప్పుడు కలపడం గురించి. కల్లు అమ్మే మండువలో మనకు పోసే కల్లు మామూలుగా ఒక్క తాటిది కాదు. చాలా చెట్ల లొట్లు ఒకే కుండలోకి వంచుతారు. ఇందులో దోషమేమీ లేదు. ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతం పేరు మోసిందే కలిపిన రెడ్ వైన్‌తో. కాబర్నే సావిన్యో ద్రాక్ష వగరును, గట్టిదనాన్ని ఇస్తే, మెర్లో మెత్తదనాన్ని ఇస్తుంది. చవక రెడ్ వైన్‌లో కలపడానికి ఇంకో ప్రయోజనం ఉంది, ఈ ఏడాది రుచీ పోయిన ఏడాది రుచీ ఒకేలా నిలబెట్టడం. మండువలోనూ అంతే, ఒక చెట్టు ఇవాళ పుల్లగా దిగితే ఇంకో చెట్టు తీపి దాన్ని సర్దుతుంది. తీపి, పులుపు నోట్లో కలిసినప్పుడు ఒకదాన్నొకటి అణచుకుంటాయి. నిమ్మరసంలో చక్కెర వేస్తే ఆమ్లం ఒక్క చుక్క కూడా తగ్గదు, మనకు తగ్గినట్టు తోస్తుంది. కలిపేవాడి నేర్పంతా ఈ అణచివేతను వాడుకోవడంలో ఉంది. అయితే తాజా కల్లును, తాజా కల్లును కలపడం ఒక పని. నిన్నటి పులిసిన కల్లును ఇవాళ్టి తీపితో కప్పడం వేరే పని. రెండోదాన్ని నేను కల్తీ అనే అంటాను, ఏ మందూ కలపకపోయినా సరే.

ఆ తీపి చెట్టుది కాకపోతే? కల్తీ కల్లులో తరచుగా దొరికే వాటిలో శాకరిన్ ఒకటి. బొగ్గు నేల పాఠకుడికి దీని చరిత్ర తెలియాలి. 1879లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో కాన్‌స్టాంటిన్ ఫాల్‌బర్గ్ బొగ్గుతారు నుంచి వచ్చే రసాయనాల మీద పనిచేస్తూ అనుకోకుండా దీన్ని కనుగొన్నాడు. చక్కెరకన్నా మూడు నాలుగు వందల రెట్లు తీపి. పట్టుకోవడానికి ఒక మంచి దారి ఉంది. ఈస్ట్ చక్కెరను తింటుంది, శాకరిన్‌ను తినలేదు. ఒక గ్లాసు కల్లును మూత పెట్టి సాయంత్రం దాకా ఉంచండి. నిజమైన కల్లులో పులుపు పెరిగినకొద్దీ తీపి తగ్గాలి. వెనిగర్ వాసన కొడుతూ కూడా పొద్దుటి తీపి పొద్దుటంతే ఉంటే, ఆ తీపి తాటిది కాదు. పైగా శాకరిన్ నాలుక మీద చేదును పట్టే గ్రాహకాలను కూడా తట్టిలేపుతుంది. తాగిన చాలాసేపటికి నాలుక వెనక లోహం లాంటి చేదు నిలిస్తే అనుమానించాల్సిందే.

నాలుకను అంతగా పొగిడాక దాని బలహీనతను కూడా చెప్పాలి. 2001లో బోర్డోలో వైన్ చదువుకునే 54 మంది విద్యార్థులకు తెల్ల వైన్‌లో వాసన లేని ఎర్ర రంగు కలిపి ఇచ్చారు. వాళ్లు దాన్ని రెడ్ వైన్‌ను వర్ణించే మాటలతోనే వర్ణించారు. చదువుకున్న ముక్కులే కన్ను చెప్పినట్టు విన్నాయి. 2008లో కాలిఫోర్నియాలో ఒకే వైన్‌ను 10 డాలర్లదని ఒకసారి, 90 డాలర్లదని ఒకసారి చెప్పి తాగించారు. ఎక్కువ ధర చెప్పినప్పుడు ఎక్కువ బాగుందన్నారు, మెదడులో ఆనందానికి సంబంధించిన భాగం కూడా స్కానింగ్‌లో ఎక్కువ చురుగ్గా కనిపించింది. అదే ఏడాది వెలువడిన మరో పరిశీలనలో, ధర తెలియకుండా తాగిన మామూలు జనం ఖరీదైన వైన్‌ను ప్రత్యేకంగా మెచ్చుకోలేదు, పైపెచ్చు కాస్త తక్కువగానే ఇష్టపడ్డారు. చవకది కాబట్టి నాసి అనుకోవడం నాలుక తీర్పు కాదని దీన్నిబట్టి తెలుస్తుంది. మన దగ్గర ఇదే పొరపాటు ఇంకోలా జరుగుతుంది. ఫలానా మండువ కల్లే కల్లు అన్న పేరు చెవిన పడ్డ తర్వాత నాలుకకు సొంత తీర్పు మిగలదు.

ఈ పొరపాటుకు విరుగుడుగా బీరు, విస్కీ కంపెనీలు 1940లలో వాడుకలోకి తెచ్చిన ఒక పరీక్ష ఉంది, ఎవరైనా చేసుకోవచ్చు. మూడు గ్లాసులు. రెండింటిలో ఒక కల్లు, ఒకదానిలో వేరే కల్లు. కళ్లు మూసుకుని, వేరేది ఏదో చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి సరిపోతుంది. అందుకే పదిసార్లు చేసి కనీసం ఏడుసార్లు సరిగ్గా చెప్తేనే తేడా నిజంగా తెలిసిందని లెక్క. ఒక్కో గుక్క చాలు, మింగాల్సిన పని కూడా లేదు. మన ఊరి కల్లు గొప్పదని వాదించే ఇద్దరు స్నేహితులు దీన్ని ఒక్కసారి చేసి చూడాలని నా కోరిక.

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంద్రియాలకు అందేవి. ఇక అందనిదాని గురించి. బాయిలో పనిచేసినవాళ్లకు ఈ తేడాను ఎవరూ నేర్పక్కర్లేదు. బొగ్గు తనంతట తాను వేడెక్కడం మొదలుపెడితే ఒక రకమైన మాడు వాసన వస్తుంది, అనుభవజ్ఞుల ముక్కు దాన్ని ముందే పసిగడుతుంది. హైడ్రోజన్ సల్ఫైడ్ కుళ్లిన గుడ్ల కంపు కొడుతుంది. కానీ మీథేన్‌కు వాసన లేదు, రంగు లేదు. కార్బన్ మోనాక్సైడ్‌కూ లేదు. గాలిలో 5 నుంచి 15 శాతం మీథేన్ ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు. అందుకే 1815లో హంఫ్రీ డేవీ సేఫ్టీ ల్యాంపు చేశాడు, అందుకే ఇవాళ మీథేన్‌ను కొలిచే మీథనోమీటర్లు వచ్చాయి, అందుకే 1.25 శాతం దాటితే కరెంటు ఆపాలని గనుల నిబంధన ఉంది. ముక్కు ఎంత మంచిదైనా మీథేన్ విషయంలో ముక్కును నమ్మి ఎవరూ బాయిల దిగరు.

మత్తు కోసం కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపాం కూడా అలా ఇంద్రియాలకు అందని జాతివే. ఇవి నిద్రకు, ఆందోళనకు డాక్టర్లు మిల్లీగ్రాముల లెక్కన రాసే మాత్రలు. ఆ మోతాదు కల్లు పులుపులో, వాసనలో పూర్తిగా మునిగిపోతుంది. క్లోరల్ హైడ్రేట్‌కు కొంత ఘాటు, చేదు ఉన్నా, పులిసిన కల్లు వాటినీ దాచేస్తుంది. 1869 నుంచి నిద్రమందుగా వాడిన రసాయనం అది. ఇవన్నీ, ఆల్కహాల్ కూడా, మెదడులో నాడులను నెమ్మదింపజేసే ఒకే వ్యవస్థ మీద పనిచేస్తాయి. మందూ ఆల్కహాలూ కలిస్తే ఒకదాని బలం ఇంకోదానికి తోడై ఊపిరి తీసే పనినే మెదడు మరిచిపోవచ్చు. 2025 జులైలో హైదరాబాద్ కూకట్‌పల్లి ప్రాంతంలో కల్లు తాగినవాళ్లు పలువురు చనిపోయారు, ఆ కల్లు నమూనాల్లో ఆల్ప్రజోలం బయటపడింది.

నాలుక పట్టలేనిదాన్ని పట్టడానికి ల్యాబ్ కావాలి. అది చేతికందేలోపు లెక్క ఒకటి పనికొస్తుంది. నూరు మిల్లీలీటర్ల రసంలో 12 గ్రాముల చక్కెర ఉందనుకుందాం. అదంతా ఒక్క గ్రాము కూడా పోకుండా ఆల్కహాల్‌గా మారినా 8 శాతం దగ్గర ఆగిపోతుంది. నిజంలో కొంత లాక్టిక్ ఆమ్లంగా పోతుంది, కొంత వెనిగర్‌గా పోతుంది, కొంత చక్కెరగానే మిగులుతుంది. కాబట్టి సగటు కల్లు 4, 5 శాతం చుట్టూ తిరుగుతుంది. 650 మిల్లీలీటర్ల సీసాలో 5 శాతం అంటే 32 మిల్లీలీటర్ల ఆల్కహాల్. మామూలు విస్కీ లెక్కలో అది 75 మిల్లీలీటర్లు, ఒక పెద్ద పెగ్గు కంటే కొంచెం ఎక్కువ. అలవాటున్న మనిషి ఒక్క సీసాకే కళ్లు మూతలు పడి, మాట ముద్దై, గంటలకొద్దీ లేవలేకపోతే, ఆ పని చెట్టు చేయగలిగింది కాదు. చెట్టులో అంత చక్కెరే లేదు. కల్లు నాణ్యత గురించి నాకు తెలిసిన అన్ని పరీక్షల్లోకీ ఈ లెక్కనే నేను పైన పెడతాను.

జనంలో ఉన్న ఇంకో మాట. కల్లు చలవ చేస్తుందని, కిడ్నీలో రాళ్లు కరిగిస్తుందని చెప్తారు. రాళ్లు కరుగుతాయనడానికి సరైన రుజువు లేదు. చలవ సంగతికొస్తే, ఎనిమిది గంటలు చెమట కార్చిన ఒంటికి ముందు కావాల్సింది నీళ్లు, ఉప్పు. ఆల్కహాల్ ఎంత ఉన్నా అది మూత్రాన్ని పెంచే పదార్థమే, ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో ఉన్నదే. తాజా కల్లు మీద నాకెంత మమకారమున్నా ఈ సంగతి దాచి రాయలేను.

ఇక మిగిలింది మత్తుమందు కలిసిన కల్లు మానేసేవాళ్ల సంగతి. ఇది చాలామందికి తెలియకనే ఇళ్లల్లో ప్రమాదం జరుగుతోంది. 2015లో కల్తీ కల్లు మీద ప్రభుత్వం దాడులు చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పెద్ద సంఖ్యలో జనం ఆస్పత్రుల పాలయ్యారు. తాగినందుకు కాదు, ఉన్నట్టుండి ఆగిపోయినందుకు. ఏళ్ల తరబడి మత్తుమందుతో నెమ్మదించిన మెదడు, ఆ మందు అందని రోజున ఒక్కసారిగా అదుపు తప్పుతుంది. చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, లేనివి కనిపించడం, వినిపించడం, మూర్ఛలు ఒక రోజు నుంచి కొన్ని రోజుల్లో మొదలవుతాయి. దెయ్యం పట్టిందనుకుని భూతవైద్యుడి దగ్గరికి తీసుకుపోతే విలువైన గంటలు పోతాయి. ఆస్పత్రికి తీసుకెళ్లి, రోజుకు ఎన్ని సీసాల కల్లు తాగేవాడో, ఎప్పుడు ఆపాడో మొదటి మాటగా డాక్టరుకు చెప్పాలి. ఎందుకంటే అక్కడ చేసే వైద్యం, కల్లులో కలిసిన మత్తుమందు కుటుంబానికే చెందిన మందును కొలిచి ఇచ్చి, వారాల మీద కొంచెం కొంచెంగా తగ్గిస్తూ రావడం. ఎంతతో మొదలుపెట్టాలన్నది ఆ ఇంటివాళ్లు చెప్పే సీసాల లెక్క మీద ఆధారపడి ఉంటుంది.